వెచ్చటి గచ్చు

బహ్రెయిన్‌లో నాగమల్లేశ్వరి చేసే ఉద్యోగం ఏమిటో చెబితే జనం ముందు నవ్వుతారు, తర్వాత నిజమేనా అని అడుగుతారు. ఇళ్ళలో గచ్చును వెచ్చబెట్టే సామాను అమ్మడం ఆవిడ పని. కరెంటు తీగలు అల్లిన పల్చటి చాపను నేలమీద పరిచి, దాని మీద చలువరాళ్ళు వేస్తారు. గోడకున్న మీట నొక్కితే కాసేపటికి రాళ్ళు గోరువెచ్చనవుతాయి. మంచు కురిసే దేశాల్లో దీని కోసం ఎగబడతారట. మే నెలలో కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలే ఈ దీవిలో దాన్ని అమ్ముకురమ్మని మనిషిని పంపినవాడి బుర్రకి మాత్రం ఒక దండం పెట్టాలి.

పంపినవాడు నాగేంద్రబాబు. రాజమండ్రివాడు. మీనా సల్మాన్‌లో టైల్సు, కుళాయిలు, బాత్రూం సామాను గోడౌనున్న ఒక కంపెనీలో సేల్స్ మేనేజరు. నిజానికి ఆయనదీ తప్పేం లేదు. యజమాని ఏదో చలిదేశానికి వెళ్ళి, అక్కడి హోటల్లో వెచ్చటి నేలమీద కాళ్ళు పెట్టి మురిసిపోయి, కంటైనరు నిండా సామాను తెప్పించి పడేశాడు. అది గోడౌన్లో దుమ్ము కొట్టుకుపోతుంటే నాగేంద్రబాబు తీసుకెళ్ళి నాగమల్లేశ్వరి నెత్తిన పెట్టాడు. ఈ చలికాలం జరిగే ఇంటి సామాన్ల ఎగ్జిబిషన్లో సరుకు కదిలితే సెక్షన్ ఉంటుంది, సెక్షన్ ఉంటే మీరుంటారు అని మెత్తగానే చెప్పాడు.

ఆవిడ వీసా మీద ఇంకో ఇద్దరు వేలాడుతున్నారు. భర్త వేంకటాచలం స్టోర్స్ ఇన్‌ఛార్జిగా చేసిన కంపెనీ నిరుడు మూతపడింది. అప్పట్నించీ ఆయన గుదైబియాలోని పాత ఫ్లాట్‌లో కూర్చుని వంట నేర్చుకుంటున్నాడు. కూతురు మధులిక పన్నెండో తరగతి, మార్చిలో పరీక్షలు. పరీక్షల ముందు వీసా రద్దయితే ఆ పిల్ల చదువు గాల్లో కలిసిపోతుంది. మార్చి దాటేదాకా ఈ ఉద్యోగం ఊడకూడదు. పొద్దున లేచింది మొదలు నాగమల్లేశ్వరి బుర్రలో అదొక్కటే తిరుగుతూండేది.

బాపట్లలో పుట్టి, కొత్త పెళ్ళికూతురుగా ఈ దేశంలో దిగిన మనిషి. మొదట ఒక స్కూల్లో రిసెప్షన్‌లో కూర్చుంది, తర్వాత చాలా ఏళ్ళు కర్టెన్ల షాపులో చేసింది. మేకు కొనడానికొచ్చినవాడి చేత కిటికీలన్నిటికీ కర్టెన్లు కొనిపించి పంపేదని ఆ షాపువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అరబ్బీ పూర్తిగా రాదు. తెలిసిన మాటల్ని ధైర్యంగా పేర్చేస్తుంది. ఆ ధైర్యాన్ని చూసి అవతలివాళ్ళు ముచ్చటపడతారు. ఇన్నేళ్ళూ ఆవిడ బతుకు ఆ ముచ్చట మీదే నడిచింది.

ఎగ్జిబిషన్లో ఆవిడ స్టాలు నీళ్ళ మోటార్లవాళ్ళకీ వంటింటి అలమారలవాళ్ళకీ మధ్యన ఇరుక్కుని ఉంది. చిన్న అరుగులాంటిది కట్టించి, సగం మామూలు చలువరాయి, సగం కింద తీగల చాప ఉన్న చలువరాయి వేయించారు. ఆ అరుగు కట్టినవాడు ముత్తన్న. జగిత్యాల దగ్గరి మనిషి, కంపెనీలో టైల్సు పరిచే పని. తొలిరోజు జనం వచ్చి, బోర్డు చదివి, నవ్వుకుని పోయారు. జూన్‌లో రండి, మా ఇంటి నేల మీకే అద్దెకిస్తాం అన్నాడొక పెద్దమనిషి. తెలుగు సంఘం తరపున చూడ్డానికొచ్చిన లక్ష్మిప్రసన్న అయితే, "వేడి చేస్తుందేమో మల్లేశ్వరీ, పక్కనే మజ్జిగ కూడా పెట్టి అమ్ము" అని పోయింది.

అందరూ నవ్వేదాంట్లో కొంత నిజం దాగుంది. జనవరిలో సముద్రం మీంచి చెమ్మగాలి వీస్తుంది. ఇళ్ళన్నీ ఎండ తట్టుకోడానికి కట్టినవి, కాలు పెడితే జివ్వుమనే చలువరాయి. ఆ రెండు నెలలూ పెద్దవయసువాళ్ళు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతారు. కానీ నోటితో చెబితే ఎవరికి ఎక్కుతుంది? రెండోరోజు నాగమల్లేశ్వరి తన బూట్లు విప్పేసి, కంపెనీ కోటుతోనే వట్టి కాళ్ళతో అరుగెక్కి నిలబడింది. చెప్పులు విప్పడానికి మనకి మొహమాటం లేదు. అక్కడి మగవాళ్ళవీ తోలు చెప్పులే, ఒక్క విదిలింపుతో ఊడొస్తాయి. చల్లటి రాయి మీంచి వెచ్చటి రాయి మీదికి ఒక్క అడుగు. అడుగు వేసినవాడి మొహం మారిపోయేది.

ఆవిడ దగ్గర ఇంకో అస్త్రం కూడా ఉంది, భర్త. "మా ఆయన ఇంట్లో కూడా సాక్సులు విప్పడు, అంత చలి ఈ నేలలది" అని వచ్చీరాని అరబ్బీలో, ఇంగ్లీషులో, హిందీలో వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నిజంగానే వేంకటాచలం కొన్నాళ్ళుగా పగలూ రాత్రీ సాక్సులతోనే ఉంటున్నాడు. మధులిక సాక్సు మాస్టారని పేరు కూడా పెట్టింది. ఆయనకి షుగరుంది, మాత్రలు మింగుతాడు. మాత్రలు మింగే ఇళ్ళలో ఎవరైనా ఇంకేం ఆలోచిస్తారు?

మూడోరోజు మధ్యాహ్నం ముహర్రక్ నుంచి ఉమ్ జాసిమ్ వచ్చింది. నల్లటి అబాయాలో గుండ్రంగా, నెమ్మదిగా నడిచే పెద్దావిడ. పక్కన కొడుకు జాసిమ్. పాత ఇంట్లో తల్లి గదిని బాగుచేయిస్తున్నాడట. ముహర్రక్‌లో వాళ్ళది పెద్ద కుటుంబం. ఆ ఇంట్లో ఒక వస్తువు దిగితే చుట్టాల ఇళ్ళన్నిటికీ పాకుతుందని నాగేంద్రబాబు వెనకనుంచి సైగలు చేస్తున్నాడు. పెద్దావిడ చెప్పులు వదిలి ముత్తన్న చెయ్యి ఆసరాగా అరుగెక్కింది. చల్లటి రాయి మీద నిలబడింది, వెచ్చటి రాయి మీదికి జరిగింది. మొహంలో మార్పేమీ లేదు. నాగమల్లేశ్వరి వైపు చూసి నవ్వుతూ, "రియూలీ మయ్యితా" అంది.

రియూల్ అంటే కాళ్ళని ఆవిడకి తెలుసు. మయ్యిత్ అంటే చచ్చిపోవడమని హిందీ వాళ్ళ నోట విన్నదే. నా కాళ్ళు చచ్చిపోయాయి. బాపట్లలో అయినా గుదైబియాలో అయినా చలికి చస్తున్నామని, కాళ్ళు చచ్చిపోతున్నాయని మనం రోజూ అనుకునేదే. ఎంత బాగా చెప్పిందీ ముసలావిడ అని నాగమల్లేశ్వరి పొంగిపోయి, పెద్దావిడ రెండు చేతులూ పట్టుకుని, "మామా, గచ్చు దాఫీ! రియూల్ మాఫీ మయ్యితా!" అంది. మామా అంటే అమ్మా అని, దాఫీ అంటే వెచ్చన, మాఫీ అంటే లేదు. నేల వెచ్చగా ఉంటుంది, ఇంక మీ కాళ్ళు చావవు. హుషారులో తెలుగు గచ్చు కూడా అందులో దూరిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాసిమ్ అక్కడికక్కడే ఆర్డరు రాయించాడు.

వెళ్ళేటప్పుడు ఒక తమాషా జరిగింది. ఉమ్ జాసిమ్ ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు అరుగు దగ్గరే వదిలేసి, కొడుకు చెయ్యి పట్టుకుని చక్కా నడిచిపోయింది. అలమారల స్టాలు కూడా దాటేసింది. ముత్తన్న చెప్పు పట్టుకుని పరుగెత్తి ఇచ్చొచ్చాడు. వెచ్చదనానికి మైమరచి చెప్పే మరిచిపోయిందని అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఇంటికొచ్చి నాగమల్లేశ్వరి ఆ కథంతా నటించి చూపిస్తే మధులిక పడీ పడీ నవ్వింది. వేంకటాచలం మాత్రం నవ్వలేదు. సాక్సుల పాదాలు కుర్చీ కిందికి లాక్కుని, పాపం అన్నాడు. ఈ మనిషికి హాస్యం బొత్తిగా పోయిందనుకుని ఆవిడ అన్నం వడ్డించింది.

ఆ తర్వాత అరుగు ఖాళీగా ఉన్నది లేదు. రియూల్ మాఫీ మయ్యితా అన్న మాట ఆవిడకి మంత్రమైపోయింది. వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే అనేది, వాళ్ళు నవ్వేవాళ్ళు, నవ్వినవాళ్ళు ఫోన్ నంబరిచ్చి పోయేవాళ్ళు. కిందే కూర్చుంటాం కదా, తివాచీలు వేసుకోవచ్చా, పరుపులు వేసుకోవచ్చా అని ఆడవాళ్ళు అడిగేవాళ్ళు. అక్కడ ఆవిడ గొంతు ఒక్క క్షణం తడబడేది. సామాను పంపిన దేశం నుంచి ట్రైనింగివ్వడానికొచ్చిన మనిషి ఒక సంగతి గట్టిగా చెప్పాడు: గచ్చు గాలికి తెరిచి ఉండాలి. మీద మందపాటివి పరిస్తే వేడి పోయే దారి లేక అక్కడే పేరుకుంటుంది. వాళ్ళ బొమ్మల్లో ఇళ్ళన్నిటిలో కాళ్ళున్న సోఫాలే. ఇక్కడ మజ్లిస్, అదే వచ్చినవాళ్ళు కూర్చునే గది, అంటేనే గోడల వెంట పరుపులు. ఇదేమిటండీ అని నాగేంద్రబాబుని అడిగితే, అడిగినవాళ్ళకి పల్చటివి వేసుకోమనండి, అడగనివాళ్ళకి మీరెందుకు చెప్పడం అన్నాడు. ఆవిడ అడిగినవాళ్ళకి కూడా మాఫీ ముష్కిల్, ఏం ఇబ్బంది లేదు అనేసింది. మార్చి దాటాలి కదా.

ముత్తన్న, ఇంకో ఇద్దరు కలిసి ముహర్రక్ ఇంట్లో పని ముగించారు. ముందు వారమే మీట నొక్కారని, పెద్దావిడ సంతోషంగా ఉందని గురువారం కబురొచ్చింది. జాసిమ్ చుట్టాలు ముగ్గురు రేట్లడిగారు. నాగేంద్రబాబు ఆఫీసులో లడ్డూలు పంచాడు. నాగమల్లేశ్వరి చాలా నెలల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

శుక్రవారం పొద్దున, సెలవు. కూరగాయలకని కిందికి దిగి, సంచి మరిచిపోయానని మళ్ళీ పైకొచ్చింది. మధులిక తన గదిలో చదువుకుంటోంది. వంటింటి పక్క బాల్కనీలో వేంకటాచలం స్టూలు మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, కాళ్ళు రెండూ బకెట్లో పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. బకెట్లోంచి ఆవిరొస్తోంది. చలికి వేడినీళ్ళు పెట్టుకున్నాడులే అని, బకెట్ పక్కనే ఉన్న సంచి అందుకోడానికి వంగినప్పుడు ఆవిడ చెయ్యి నీళ్ళకి తగిలింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. వేళ్ళు మండిపోయాయి.

"ఏవండీ, కాళ్ళు తియ్యండి. సలసల కాగుతున్నాయి నీళ్ళు."

"హాయిగానే ఉందే," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తి.

ఆవిడే బలవంతంగా కాళ్ళు పైకి తీసింది. పీతల్లా ఎర్రగా ఉన్నాయి. ఆయన తువ్వాలు కప్పేసుకున్నాడు. ఇదేం మొద్దుతనం అని ఆవిడ కోప్పడింది. వేంకటాచలం దోషిలాగా చెప్పాడు. "ఎక్కువ వేడని తెలీలేదు మల్లీ. కాళ్ళు చచ్చుబడ్డాయి. చాలా రోజులైంది. మొన్న బజార్లో చెప్పు ఊడిపోతే ఎవరో పిలిచి చెప్పారు."

చచ్చుబడ్డాయి. ఆ మాట విని నాగమల్లేశ్వరి అలాగే నిలబడిపోయింది. చలికి చచ్చిపోవడం ఒకటి, చచ్చుబడిపోవడం ఇంకొకటి. పుట్టిన దగ్గర్నించీ రెండూ వాడుతున్న మనిషి. రియూలీ మయ్యితా అని పెద్దావిడ అన్నప్పుడు ఆ రెంటిలో తనకి కావలసిన మాటని ఏరుకుంది. అరుగు మీద ఆ మొహం మారకపోవడం, ఒంటి చెప్పుతో నడిచిపోవడం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. భర్త కాళ్ళేమయ్యాయో తువ్వాలు తీసి చూడాలని కూడా ఆ క్షణాన ఆవిడకి తోచలేదు. ఫోను తీసుకుని మెట్ల మీదికి పరుగెత్తింది.

నాగేంద్రబాబు అంతా విన్నాడు. దానికి కంట్రోలరుందన్నాడు, మితిమీరితే అదే ఆగిపోతుందన్నాడు. ఆ కంట్రోలరు వేడి చూసేది గోడ దగ్గర ఒక్క చోటేనని ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"వెళ్ళి లేనిపోని భయం పెట్టకండి మల్లేశ్వరి గారూ. ముహర్రక్‌లో ఒకళ్ళకి తెలిస్తే ఊరంతటికీ తెలుస్తుంది."

"ఆవిడ కాళ్ళకే తెలీదండీ," అంది నాగమల్లేశ్వరి.

ఆయన వీసా కూడా ఆ కంపెనీదే. ఆదివారం ఆఫీసులో మాట్లాడుకుందామని, అప్పటిదాకా మీరు ఏమీ చెయ్యకపోతే మనందరికీ మంచిదని చెప్పి ఫోను పెట్టేశాడు. ఆవిడ ముత్తన్నకి ఫోను చేసింది. అతనుండేది రెండు వీధుల అవతల, ఊళ్ళోవాళ్ళతో కలిసి ఒకే గదిలో. కంపెనీ పికప్ అతని దగ్గరే ఉంటుంది. విషయం వింటూనే బండి తెచ్చాడు. దారిలో, సముద్రం మీద వంతెన దిగాక మెల్లిగా చెప్పాడు.

"ఆ పరుపు నేనే ఏసిన మేడం. అమ్మ పండుకునే జాగల ఎయ్యమని జాసిమ్ భాయ్ చెప్పిండు. మంచిగ మెత్తగుంటదని ఒకదాని మీద ఒకటి రెండేసిన. నాకేమెరుక?"

నీ తప్పు కాదు ముత్తన్నా, తొందరగా పోనివ్వు అంది నాగమల్లేశ్వరి.

సందులో పాత ఇల్లు. విమానం ఒకటి నెత్తిమీంచి దిగుతోంది. మగవాళ్ళు శుక్రవారం నమాజుకి వెళ్ళారు. జాసిమ్ భార్య మరియం తలుపు తీసింది, స్కూల్లో ఇంగ్లీషు టీచరు. ముత్తన్న గుమ్మం బయటే ఆగిపోయాడు. పండగ్గా లోపలికి పిలిచి కాఫీ తెస్తానన్న మరియంని ఆపి, నాగమల్లేశ్వరి నేరుగా పెద్దావిడ గదిలోకి వెళ్ళింది. ఉమ్ జాసిమ్ గోడకి ఆనుకుని, పరుపు మీద కాళ్ళు చాపుకుని కూర్చునుంది. పాదాలు మాత్రం కనబడటం లేదు. పరుపు అంచు ఎత్తి, పాదాలు రెండూ దాని కిందికి దూర్చి, గచ్చుకి ఆనించి పెట్టుకుంది. వచ్చిన మనిషిని గుర్తుపట్టి రెండు చేతులూ చాపింది.

నాగమల్లేశ్వరి మోకాళ్ళ మీద కూర్చుని పరుపు కింద చెయ్యి పెట్టింది. అన్నం ఉడుకుతున్న కుక్కరుని పట్టుకున్నట్టుంది. చెయ్యి తీయకుండానే పెద్దావిడ పాదాలు రెండూ పట్టుకుని బయటికి లాగింది. కుడి మడమ వెనక చర్మం ఎర్రగా కమిలి, దాని మధ్యలో కోడిగుడ్డంత బొబ్బ. ఉమ్ జాసిమ్‌కి అదేమీ తెలీదు. ఎవరో తన కాళ్ళు పట్టుకున్నారని మాత్రం చూసి, "లా, లా" అని వద్దంటూ వెనక్కి లాక్కోబోయింది. మనుషుల కాళ్ళు పట్టుకోవడం వాళ్ళకి సరిపడదు. మరియం కంగారుగా వచ్చి భుజం పట్టుకుని లేపబోతూ, ఏమైంది సిస్టర్, ఉద్యోగంలో ఏమైనా ఇబ్బందా, జాసిమ్‌తో చెప్పి మాట్లాడిస్తాను, ఇలా కాళ్ళు పట్టుకోవద్దు అంది.

నాగమల్లేశ్వరికి ఏడుపొచ్చింది. చూడ్డానికి పట్టుకున్న కాళ్ళు. వదలబోతే చేతులు రాలేదు. మన భాషలో కాళ్ళు పట్టుకోవడమంటే ఏమిటో ఆ పనే ఇప్పుడు నిజంగా చేస్తున్నానని ఆవిడకి తెలిసింది. ఏడుస్తూనే మడమ తిప్పి మరియంకి చూపించింది. తెలిసిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పింది. అమ్మగారి కాళ్ళకి స్పర్శ లేదన్న సంగతి నాకు అర్థం కాలేదు, చలి అనుకున్నాను. స్పర్శ లేనివాళ్ళకి ఇది అమ్మకూడదు. దీని మీద పరుపు వేయకూడదని నాకు ముందే తెలుసు, తెలిసే చెప్పలేదు.

మరియం అత్తగారితో అరబ్బీలో గబగబా మాట్లాడింది. పెద్దావిడ నెమ్మదిగా ఏదో చెప్పింది. చెబుతూ నాగమల్లేశ్వరి వైపు చూసి, ఆమెకి ఇంకేదో సాయం చేస్తున్నట్టు నవ్వింది. మరియం మొహం పాలిపోయింది.

"మీరే చెప్పారట," అంది. "ఈ నేల మీద పెడితే చచ్చిన కాళ్ళకి ప్రాణం వస్తుందని. త్వరగా రావాలని రోజంతా పరుపు కింద పెట్టుకుంటున్నారు. వెచ్చగా ఉందా అని మా ఆయన రోజూ అడుగుతాడు. ఉందనే చెప్పేవారు."

ముత్తన్నని పిలిచి మీట ఆపించింది నాగమల్లేశ్వరి. రెండు పరుపులూ తీయించింది. నమాజు నుంచి వచ్చిన జాసిమ్ తల్లి మడమ చూసి, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆవిడకి తర్వాత చాలాసార్లు అనిపించింది. తల్లిని ఎత్తి కారులో కూర్చోబెడుతూ మాత్రం, "మా అమ్మ స్టాల్లో ఎందుకు ఏడ్చిందో అప్పుడు నాకర్థం కాలేదు" అని ఇంగ్లీషులో అన్నాడు. ఉమ్ జాసిమ్ కారు అద్దం దించి నాగమల్లేశ్వరి తలమీద చెయ్యి పెట్టింది. క్షమించిందో, ఊరికే పెట్టిందో చెప్పడానికి ఆవిడ అరబ్బీ చాలదు.

ఆస్పత్రిలో డాక్టర్లు బొబ్బ కోసి శుభ్రం చేశారు. ఇంకో వారం అలాగే ఉండి ఉంటే పాదమే తీసేయవలసి వచ్చేదన్నారట. శనివారం నాగమల్లేశ్వరి పండ్లు తీసుకుని వెళితే వరండా నుంచే మరియం మర్యాదగా తిప్పి పంపింది. ఆ సాయంత్రానికి రేట్లడిగిన ముగ్గురూ వద్దన్నారు. నాగేంద్రబాబు చెప్పినట్టే ముహర్రక్ అంతా తెలిసింది.

ఆదివారం ఆఫీసులో మీటింగు ఎక్కువసేపు జరగలేదు. ముహర్రక్ ఇంట్లో వేసిన గచ్చు మొత్తం పెరికేయించి డబ్బు తిరిగివ్వాలని యజమాని నిర్ణయించాడు. సెక్షన్ ఖలాస్. నాగేంద్రబాబు ఆవిడ మొహం చూడలేక కిటికీలోంచి ఫోర్క్‌లిఫ్ట్‌ని చూస్తూ, ఈ నెలాఖరు దాకా నోటీసు, వీసా సంగతి ఎంత లాగగలనో లాగుతాను, పాప పరీక్షల విషయం వీసా ఇచ్చిన కఫీల్‌తో చెప్పి చూస్తాను అన్నాడు. ఆ చూస్తాను అన్న మాటలో ఎంత బరువుందో ఇరవై ఏళ్ళు ఈ దేశంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొన్న మీరు వెళ్ళకుండా ఉండాల్సింది అని మాత్రం ఆయన అనలేదు. ముత్తన్న గోడౌన్ గేటు దగ్గర ఎదురై, "మంచి పనే జేసినవ్ మేడం" అన్నాడు. ఆ మంచి పని తను రెండు వారాలు ఆలస్యంగా చేశానని ఆవిడకి తెలుసు. చేసిన చెడ్డపని మాత్రం నవ్వుతూ, చప్పట్ల మధ్య, సరిగ్గా సమయానికి చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మధులిక ఇంకా స్కూలు నుంచి రాలేదు. వేంకటాచలం కుర్చీలో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నాడు. కాళ్ళకి తెల్లటి సాక్సులు. శుక్రవారం నుంచి ఆస్పత్రి, ఫోన్లు, ఆఫీసు అని తిరుగుతూ ఆవిడ ఆ కాళ్ళ సంగతి మళ్ళీ ఎత్తనే లేదు. ఆయనా ఎత్తలేదు. ఆవిడ బ్యాగు కింద పడేసి, పీట తెచ్చి ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఉద్యోగం పోయిందని చెప్పింది. ఆయన ఈనెలు తీయడం ఆపాడు.

"మధు పరీక్షలో?" అన్నాడు.

"చూస్తానన్నాడు నాగేంద్రబాబు. సాక్సులు విప్పండి."

ఇప్పుడెందుకన్నాడు. బాగానే ఉన్నాయన్నాడు. ఆవిడే వంగి విప్పింది. నీళ్ళకి కాలిన ఎరుపు అక్కడక్కడా పొక్కులై పగిలి ఉంది. అదొక్కటే అయితే బాగుండేది. ఎడం బొటనవేలి కింద, ఎప్పటిదో, నల్లగా మాడిన పుండొకటి, అంచులు గట్టిపడి ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడ ఊళ్ళో అందరి కాళ్ళూ విప్పించి చూసింది, చలికని చెప్పి ఈ సాక్సులని స్టాల్లో నలుగురికీ ఎగ్జిబిషన్ పెట్టింది. ఎందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకుంది. చెబితే ఆస్పత్రి, ఆస్పత్రంటే సెలవు, సెలవంటే నాగేంద్రబాబు. ఆయన లెక్క ఆవిడకి అర్థమైంది. మార్చి దాటాలని ఆ ఇంట్లో ఇంకొకళ్ళు కూడా కాచుకుని కూర్చున్నారు.

కళ్ళు తుడుచుకుని ఆయన పాదాలు రెండూ పీట మీదికి ఎత్తి పెట్టి, తను నేలమీద కూర్చుంది. ఎంతవరకు చచ్చుబడ్డాయో చూద్దాం, రేపు డాక్టరుకి చెప్పాలి కదా, మీరు చూడకండి అంది. వేంకటాచలం మాట విన్నాడు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ మోకాలి కింద వేలితో నొక్కింది. "తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

చీలమండ మీద నొక్కింది. "ఇక్కడ?"

"తెలుస్తోంది మల్లీ. నువ్వు ఊరికే కంగారు పడుతున్నావు. ఏదో కాస్త మొద్దుబారాయి కానీ, అన్నీ తెలుస్తాయి. రేపు ఇంకో ఉద్యోగం చూసుకునే పనిలో ఉండు, నా గొడవ తర్వాత."

నాగమల్లేశ్వరి చేతులు వెనక్కి తీసుకుంది. కాసేపు ఆయన మొహం వైపే చూస్తూ కూర్చుంది.

"మరి ఇక్కడో?" అంది.

"తెలుస్తోంది," అన్నాడు వేంకటాచలం కళ్ళు తెరవకుండానే. "నీ చెయ్యి వెచ్చగా ఉంది."

ఆవిడ చేతులు రెండూ ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి.